కోళ్ళగంప మీద సత్యాగ్రహం

మోటార్ల మోతతో తెల్లవారే ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు గుయ్యిమంటాయి. మాది దీవి, చుట్టూ ఎటు చూసినా సముద్రమే, కుళాయి తిప్పితే మాత్రం గాలి. వేసవిలో మా పేట ఆస్టినాబాద్‌కి మూడు రోజులకోసారి, పొద్దున్నే ఓ గంటసేపు నీళ్ళొదిలేవారు. మా వీధి పేరుకే వీధి, నిజానికి అదో కొండవాలు. కింద రోడ్డు పక్కన మా ఇల్లు, అక్కణ్ణించి మెట్ల వెంబడి పైదాకా ఇళ్ళు. అందరికీ గొట్టం ఒక్కటే. కిందివాళ్ళు కుళాయిలకి మోటార్లు బిగించి లాగేస్తే పైవాళ్ళకి చుక్క ఎక్కదు. అలా బిగించకూడదని రూలుంది. రూలుంది కాబట్టే అందరూ మోటార్లు దాచేవారు. మా నాన్నది కోళ్ళగంప కింద ఉండేది. (కోళ్ళు మాత్రం వంటింట్లో తిరిగేవి.) పక్కింటి చర్చి మావయ్యది గోనెసంచి కింద. ఆదివారం తెలుగు చర్చిలో ఆయన ప్రార్థన అందుకుంటే ఇంటిదగ్గర అన్నం మాడిపోయేదాకా ఆపేవాడు కాదు, అందుకని ఆ పేరు. నీళ్ళాఫీసు జీపు కనబడగానే ఎవరో ఒకరు, "ఒసే, కోళ్ళు రోడ్డెక్కేసినాయే!" అని కేకేసేవారు. అంతే, వాలంతా గప్‌చుప్. మనవాళ్ళలో ఐకమత్యం లేదనే వాళ్ళెవరూ ఆ కేక విని ఉండరు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా సర్కారు బడికి బకెట్ టీచరమ్మ వచ్చింది. ఆ పేరు మేం పెట్టిందే. ఏ లెక్క చెప్పినా "ఒక బకెట్ ఉందనుకోండి" అని మొదలుపెట్టేది. ఆవిడది చౌల్దారీ అనే పల్లె. పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని వెంటబెట్టుకుని, మా వాలులో అన్నిటికన్నా పైనున్న ఇంట్లో అద్దెకి దిగింది. రోజూ బడి వదిలాక రోడ్డవతల బావిలో రెండు బకెట్లు తోడుకుని మెట్లెక్కేది. ఆ ఒరిగిపోయిన నడకని మేం వెనకాలే అలాగే నడిచి చూపించి తెగ నవ్వుకునేవాళ్ళం. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంటికి ఎన్ని నీళ్ళు కావాలో మా బుర్రలకేం తెలుసు?

ఒకరోజు పౌరుల బాధ్యతల గురించి పాఠం వచ్చింది. టీచరమ్మ పుస్తకం మూసేసి, మమ్మల్ని బడి మెట్ల మీద మెట్టుకొకరిగా నిలబెట్టి, పళ్ళెం నిండా ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కింద నించి పైకి పంపింది. "ఎవరికెంత కావాలో అంత తీసుకోండి అమ్మలూ," అంది. క్లాసులో పొడుగుదాన్ని నేనే కావడంతో అందరికన్నా పైమెట్టు నాది. పళ్ళెం నా దాకా వచ్చేసరికి కాసిని ఉప్పునీళ్ళూ, తొక్కలూ మిగిలాయి. భోరుమన్నాను. (తిండి దగ్గర నాకు చిన్నప్పటినించీ పరువూ లేదు, ప్రతిష్ఠా లేదు.)

టీచరమ్మ నా పక్కన కూచుని, "ఎవరూ దొంగతనం చెయ్యలేదు కదే, మరెందుకేడుస్తున్నావు?" అంది.

"కిందోళ్ళకి నేనున్నట్టే గుర్తులేదా టీచర్?" అన్నాను వెక్కుతూ.

ఆవిడ కొంగుతో నా ముఖం తుడిచి, "ఈ మాటే ఇంటికెళ్ళి మీవాళ్ళనడగండి. పోట్లాడొద్దు, అడగండి చాలు," అంది. బల్ల మీద దాచిన మరో గిన్నె శనక్కాయలు తెచ్చి నా ఒళ్ళో పోసింది.

అడిగి, జవాబు కోసం కూచునే ఓపిక మాకెక్కడిది? మోటార్లే ఆపేద్దామని వాలు పిల్లలమంతా కూడబలుక్కున్నాం. నీళ్ళొచ్చే రోజు పొద్దున్నే లేచి, నాన్న పళ్ళు తోముకునేలోపు వెళ్ళి కోళ్ళగంప మీద ఎక్కి కూచున్నాను. మోటారూ, దాని స్విచ్చూ రెండూ గంప కిందే. "ఏటే ఇది? లెగు! టైమైపోతంది," అన్నాడు నాన్న. "లెగను. పైనోళ్ళకి నీళ్ళెల్లాలి," అన్నాను. ఆయన నన్ను లేపబోతే గంపని కూడా పట్టుకుని లేచాను, వదిలితే మళ్ళీ దాంతోపాటే కూలబడ్డాను. పక్కింట్లో చర్చి మావయ్య కొడుకు మోటారు ప్లగ్గు పీక్కుని జామచెట్టెక్కేశాడు. "దిగరా సైతాన్!" అని కింద నించి ఆయన అరుపులు. ఇంకో ఇంట్లో అక్కాచెల్లెళ్ళు మోటారు ముందు బాసింపట్టేసుక్కూచున్నారట. మా అమ్మయితే తలుపుకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం. నవ్వుతూనే, "పోనిద్దురూ, ఒక్కరోజు," అంది.

అంతలో పై నించి, "పానీ ఆగయా! అరే, పానీ ఆగయా!" అని కేకలు. బిందెలు మోగిస్తున్నారు. ఎవరో ముసలాయన ఈలలేస్తున్నాడు. నేను గంప మీద కూచుని ఆ గోలంతా విన్నాను. మా నాన్న కూడా విన్నాడు. ఆయన కోపం ఎక్కడికి పోయిందో గానీ, టూత్‌బ్రష్షు నోట్లో పెట్టుకుని పైకి చూస్తూ నిలబడిపోయాడు. నాకు ఊరు మారిపోయిందనిపించింది. ఇంకేం, దేశం కూడా నా గంపతోనే బాగుపడిపోతుందనుకున్నాను.

అలా రెండు మూడు సార్లు సాగింది. తర్వాత పెద్దలంతా బడి మీద పడ్డారు. మేం కిటికీ కింద నక్కి విన్నాం. "ఏటండీ టీచరమ్మా, పిల్లల్ని బడికి పంపింది పఢాయీ కోసం గానీ మా మోటార్లు బంద్ చెయ్యడానికా?" అన్నారొకరు. చర్చి మావయ్య గొంతు సవరించుకుని, "అరే భయ్యా, అసలు సంగతి అది కాదు. ఆవిడిల్లు పైన. ఆవిడింటికి నీళ్ళు రావాలని మన పిల్లల్ని ఎగదోసింది. ఎంత స్వార్థం చూడండి," అన్నాడు. ఇలాంటి మాట అనడానికి కూడా గుండె ధైర్యం కావాలి సుమండీ! కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తర్వాత టీచరమ్మ గొంతు. "అవునండీ, మా ఇల్లు పైనే. నేను రేపే ఇల్లు మారిపోతాను. అప్పుడైనా నేను చెప్పింది పాఠమే అంటారా?" అంది. మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు, ఒక్క మాటా అడగలేదు.

ఫిర్యాదు పైదాకా వెళ్ళింది. నీళ్ళెక్కలేదు గానీ ఫిర్యాదు బాగానే ఎక్కింది. నెల తిరక్కుండా ఆవిణ్ణి దక్షిణాన ఎక్కడో దూరపు దీవికి బదిలీ చేశారు. ఓడ బయల్దేరే రోజు అమ్మ నాన్నతో చెప్పకుండా నన్ను జెట్టీకి తీసుకెళ్ళింది. ఓడవాళ్ళు ఇద్దరు టీచరమ్మ తల్లిని ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి పైకి మోస్తున్నారు. ఆ ముసలావిడ భయంతో కళ్ళు మూసుకుంది. అమ్మ పులిహోర డబ్బా, ఒక క్యాను నీళ్ళు టీచరమ్మ చేతికిచ్చింది. "దారిలో పెద్దమ్మకి అవసరం పడతాయి," అంది.

టీచరమ్మ నవ్వి, "ఇన్ని నీళ్ళెక్కడివక్కా?" అంది.

"మోటారు నీళ్ళే టీచరమ్మా," అని అమ్మ గొల్లుమంది. నేనూ అందుకున్నాను. టీచరమ్మ మా ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని ఓదార్చాల్సి వచ్చింది. తల్లి ఆ దీవిలోనే, తొలకరి చూడకుండా పోయిందని తర్వాత తెలిసింది. మా వాలులో మోటార్లు మళ్ళీ మోగాయి. నేను మరోసారి గంపెక్కితే నాన్న గంపతో సహా ఎత్తి వరండాలో పెట్టేశాడు.

దేవుడికి వేళాకోళం ఎక్కువ. పెళ్ళయి నేను అదే వాలులో పై ఇళ్ళవాళ్ళకే కోడలినయ్యాను. ఇక్కణ్ణించి చూస్తే మా పుట్టింటి రేకులు కనబడతాయి, మోటారు వినబడుతుంది. ఇన్నేళ్ళలో నాన్న మా ఇంటికి చేతులూపుకుంటూ ఎన్నిసార్లొచ్చాడో లెక్కలేదు. కిందటి వేసవిలో, మనవడికి జ్వరం, ఇంట్లో చుక్క నీళ్ళు లేవని తెలిసి, రెండు క్యాన్లు మోసుకుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గర కూలబడి, చాలాసేపు రొప్పి, "ఇంతెత్తేటే తల్లీ!" అన్నాడు. ఆయన తెచ్చిన నీళ్ళే గ్లాసులో పోసిస్తే తాగలేదు, గ్లాసు వంక చూస్తూ కూచున్నాడు.

"ఆ టీచరమ్మ రోజూ ఇలాగే ఎక్కేదా?" అన్నాడు.

"రోజూ నాన్నా. వాళ్ళమ్మ కోసం."

ఆయన తల దించుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు మీటింగులో అడిగి ఉంటే ఎంత బావుండేదో. ఇప్పుడు అడిగితే వినడానికి ఆవిడ ఇక్కడ లేదు, ఎక్కడుందో కూడా మాకు తెలియదు. నాకు నాన్న మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

తర్వాత నీళ్ళొచ్చే రోజు పొద్దున్నే ఫోను మోగింది. "ఏమ్మా, నీళ్ళెక్కినాయా? నేను మోటారెయ్యలేదు. మీ తమ్ముడు ఏసేస్తాడేమోనని గంప మీద కూచున్నాను," అన్నాడు నాన్న. కోళ్ళు ఎప్పుడో పోయాయి గానీ గంప అలాగే ఉంది. డెబ్బై దాటిన మనిషి దాని మీద ఎలా కూచున్నాడో తలుచుకుంటే నవ్వాగలేదు, కళ్ళనీళ్ళూ ఆగలేదు. మిగతా ఇళ్ళ మోటార్లన్నీ గుయ్యిమంటూనే ఉన్నాయి. కుళాయి కింద బిందె పెట్టుకుని, దేశం బాగుపడిపోతుందనుకున్న ఆనాటి పొడుగుపిల్లలాగే ఆశగా, కుళాయిలో ఉత్త గాలి శబ్దం వింటూ నిలబడ్డాను.

"వస్తన్నాయి నాన్నా," అన్నాను. "ఇంకాసేపు కూచో."