ప్రధానం పందిట్లో లాబాను కథ

ఆళ్లగడ్డలో నా మేనత్త కూతురి ప్రధానాన్ని అగ్గిపుల్ల లేకుండా, ఒట్టి నోటితో ఎలా తగలబెట్టానో చెబుతాను. ప్రధానమంటే మా క్రైస్తవుల ఇళ్లలో నిశ్చితార్థం. అప్పటి ఆ ఇరవై రెండేళ్ల దేవదానం ఇవాళ ఎదురుపడితే చొక్కా పట్టుకుని రెండు తగిలించాలని ఉంది. ఆ దేవదానాన్ని నేనే కాబట్టి దయచేసి మీరెవరూ అడ్డుపడకండి.

డెబ్బైల చివర్లో మాట. నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతూ, పోస్టులో బైబిలు పాఠాలు తెప్పించుకునేవాణ్ణి. పాఠాలన్నీ అయ్యాక సర్టిఫికెట్టు వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. ఆ పాఠాల నుంచి నేను పట్టుకున్నది ఒక్కటే. బైబిలు పాత నిబంధనలో పితరులు, అంటే అబ్రాహాము లాంటి మూలపురుషులు, తప్పు చేసినట్టు కనిపిస్తే, అది మన చూపులో లోపం. అబ్రాహాము కట్టుకున్నదాన్ని చెల్లెలని చెప్పి రాజు ఇంటికి పోనిచ్చాడా? అందులో మర్మముంది. యాకోబు చేతులకు మేకతోలు చుట్టుకుని చూపు లేని తండ్రిని మోసం చేశాడా? అదీ మర్మమే. ఒకరోజు మా అమ్మ, "ఒరే, అబ్రాహాము ఆ దాసి హాగరును కన్నబిడ్డతో కూడా ఎడారిలోకి తోలేసినాడు గదరా, ఆయప్పకు మనసెట్లా ఒప్పింది?" అని కళ్లు ఒత్తుకుంటే, ఆమెకు పాఠం నంబరు చెప్పాను. తల్లి ఏడుస్తుంటే పాఠం నంబరు చెప్పిన వెధవను మీరెక్కడైనా చూశారా? నేను రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్తున్నాను.

మేనత్తకు ఇద్దరు కూతుళ్లు. పెద్దామె సుగుణ నాకంటే రెండేళ్లు పెద్ద, వదిన వరస. బడిలో టీచరు. తనకిప్పుడే పెళ్లి వద్దని, ముందు చెల్లికి చేయమని తనే చెప్పింది. చిన్నది కరుణకు గడివేముల సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు జయరాజు నోట్లో నాలుక లేనివాడు. కరుణకు అతను నచ్చాడు, అతనికీ కరుణ నచ్చింది. కానీ అతని తండ్రి ఆనందప్పకు మాత్రం, పెద్దపిల్లను పెట్టుకుని చిన్నపిల్లకెందుకు చేస్తున్నారని ఒకటే అనుమానం. కరుణ తండ్రి, అంటే మా మామ, నానా తంటాలు పడి ఆయన్ని ఒప్పించాడు. ప్రధానం రోజున ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. నాకూ చెప్పాడు. నేను తల కూడా ఊపాను.

ఆ పొద్దున వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, చెప్పాల్సిన పాస్టరు అయ్యగారికి జ్వరం తగిలింది. కబురొచ్చేసరికి పందిట్లో చాపలన్నీ నిండిపోయాయి. "మన దేవదానం చెప్తాడులే, సర్టిఫికెట్టు వచ్చిండాది వానికి" అంది అత్త. పాపం, ప్రేమతో అంది.

బుద్ధున్నవాడైతే యేసు వెళ్లిన కానా ఊరి పెళ్లి గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాడు. అందరూ చెప్పేది నేనూ చెబితే సర్టిఫికెట్టుకు ఎంత అవమానం! ఇద్దరు అక్కచెల్లెళ్లున్న ఇల్లు కదా, ఇద్దరు అక్కచెల్లెళ్ల కథే తగినదనుకున్నాను. చిన్నకూతురు రాహేలు కోసం యాకోబు ఏడేళ్లు గొడ్డుచాకిరీ చేస్తే, మామ లాబాను పెళ్లినాడు పెద్దకూతురు లేయాను ముసుగులో అంటగట్టిన కథ. అప్పుడు నా ఎదురుగానే, మా పద్ధతి ప్రకారం కొంగు ముఖం మీదికి లాక్కుని కరుణ కూర్చుని ఉంది. దేవుడు నాకూ రెండు కళ్లిచ్చాడు. వాటిని వాడలేదు.

"లాబానును మోసగాడని తిట్టకండి!" అని గొంతు పెంచాను. "పెద్దపిల్ల ఉండగా చిన్నపిల్లను ఇవ్వకపోవడం ఆ ఊరి ఆచారం. తండ్రిగా ఆయన బాధ్యత తీర్చుకున్నాడు. ఆ ముసుగు వెనక దేవుని ప్రణాళిక ఉంది!"

మామ నావైపు చూస్తూ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. వాక్యం ఆయన్ని కదిలించిందనుకుని ఇంకాస్త గొంతు పెంచాను. ఆనందప్ప లేచి నిలబడ్డాడు.

"ఏందప్పా నువ్వు చెప్తాండేది? ముసుగేసి పెద్దదాన్ని ఇచ్చినా తప్పు లేదంటాండావా?"

"మర్మం గ్రహించాలి పెద్దాయనా."

"మర్మం మళ్లీ సూస్తాం. ముందు ఆ కొంగు తీయమను. ఈడ కూచ్చోనుండేది ఎవురో నేను సూడాల."

"అది కరుణే అన్నా, నా మాట నమ్ము" అన్నాడు మామ.

"లాబానూ అట్లే చెప్పింటాడు!"

అక్కడైనా నోరు మూసుకున్నానా? లేదు. సర్ది చెబుతున్నాననుకుంటూ, "కంగారు పడకండి, అక్క వచ్చినా యాకోబుకు నష్టమేం లేదు. వారం తిరిగేసరికి చెల్లెలినీ ఇచ్చారు కదా!" అన్నాను.

పందిరి భగ్గుమంది. ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు. అత్త కరుణ కొంగు తీసింది. కాటుకంతా చెంపల మీదికి కారిపోయి, పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పిల్ల ఈ పిల్లే" అన్నాడు ఆనందప్ప. "అయితే ఇట్లా మాటలు నేర్చిన ఇంట్లో సంబంధం మాకొద్దు. జయరాజూ, లెయ్‌రా."

వాళ్ల ఆడవాళ్లు ప్రధానపు చీర పళ్లెంలోంచి తీసి సంచిలో పెడుతున్నారు. అప్పుడు వంటింట్లోంచి సుగుణ వదిన వచ్చింది.

"కూచ్చోండి పెద్దాయనా, ఒక్క మాట చెప్పి పోతా" అని నావైపు తిరిగింది. "దేవదానం, ఆ పొద్దు లేయాను, నీకిష్టమేనా అని ఎవురన్నా అడిగినారా?"

"అది... రాయలేదు వదినా."

"తెల్లారినాక మొగుడు లేసి, నాకియ్యాల్సింది దీని చెల్లెల్ని గదా అని అరుస్తాంటే, ఆడనే ఉండే ఆమె ముఖం ఎట్లుండిందో ఎప్పుడన్నా తలుచుకున్నావా?"

అలవాటు కొద్దీ పాఠం నంబరు కోసం వెతుక్కున్నాను.

"మోసం జరిగిందని ఆ పుస్తకంలోనే రాసిపెట్టినారు. రాసినోళ్లు దాచలా. సదివేవానివి నువ్వెందుకు దాస్తాండావ్? పెద్దమనిషి తప్పు చేస్తే తీస్కపోయి దేవుని నెత్తిన వేస్తావా?" తర్వాత ఆనందప్పను చూసింది. "సెల్లికి ముందు సేయమన్నది నేనే పెద్దాయనా. నాకు ఇష్టమైనప్పుడు, నేను మెచ్చినోన్ని చేసుకుంటా. మా నాయన ఎవుర్నీ ముసుగులో పంపడు. నేనూ పోను."

ఇంతలో జయరాజు, ఆ నోట్లో నాలుక లేని జయరాజు, "నాయనా, నేను లెయ్యను" అన్నాడు. అంతే అన్నాడు. కరుణ ఏడుపు ఆపి అతనివైపు చూసింది.

ఆనందప్ప మెల్లగా చాప మీద చతికిలబడ్డాడు. "వాక్యమంటే ఈ పాప చెప్పింది వాక్యం. ఉంగరం తీయండప్పా."

"వాక్యం ఇంకా ముగియలా" అంది వదిన. "దేవదానం, చెప్పు. లాబాను చేసింది ఏంది?"

"మోసం" అన్నాను.

"యెనకుండేవాళ్లకు ఇనపడల్యా."

"మోసం!"

పందిరి పందిరంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది. ఆ తర్వాత నలభై ఏళ్లు ఎన్నో వాక్యాలు చెప్పాను గానీ అంత గట్టి ఆమెన్ మళ్లీ రాలేదు.

కనుక సకల జనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చచ్చినా ఏ పితరుడి తరఫునా వకాల్తా పుచ్చుకోను. పెళ్లాన్ని చెల్లెలన్న మొగుళ్లు, కూతుళ్లను మార్చి పంపిన మామలు ఎవరి కేసు వాళ్లే వాదించుకోవాలి. నేను మాత్రం లేయా పక్కన కూర్చుంటాను, ఆమె ఒప్పుకుంటేనే.