గోడకెక్కని పేరు

మా ఫిట్టరన్న పోయిన సంగతి పోయిన నెల ఎమ్మిగనూరు నుంచి వచ్చిన, బొగ్గు మండించి నడిపే బస్సు డ్రైవరు చెప్పాడు. చెప్పిన తీరు అన్నకు నచ్చేదే. బస్సు ఎక్కడ ఆగిందో, ఏ గొట్టం పూడుకుందో అంతా వివరించి, చివర్లో "మీ ఫిట్టరన్న ఉండింటే బిన్నా సరిజేసేవాడు. ఆయప్ప మొన్న జరమొచ్చి పోయినాడంట గదా" అన్నాడు. నేను అంగట్లో పత్తి పోగు లాగి చూస్తున్నాను. చేతిలో పోగు అలాగే ఉండిపోయింది. ఆ పూట ఇంక బేరం చేయలేదు.

ఇది చదివేవాళ్లలో కొందరికి అన్న ఆదోని జిన్నింగు మిల్లులో ఇంజను చూసుకున్న ఫిట్టరుగా గుర్తుండవచ్చు. ఆయన గాలిలో ఎగరడం కళ్లారా చూసే భాగ్యం దక్కింది మాత్రం ముగ్గురికే. హైస్కూలు సైన్సు అయ్యవారికి, నాకు, చొప్పవామి పాడు చేసుకున్న ఒక రైతుకు.

ఎగిరాడన్నాను గదా అని ఇంజను ఉన్న విమానం అనుకోకండి. వెదురు బద్దలు, బట్ట, రెండు సైకిలు చక్రాలు, అంతే. మా ఖాళీ పత్తి గోదాములో అయ్యవారు దాన్ని తయారు చేశాడు. అన్నది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు, కాబట్టి రెక్కలకు బట్ట అక్కడి నుంచే తెచ్చాడు. బిగువుగా ఉండాలని, పడుగుకు పెట్టినట్టే జొన్నగంజి దట్టంగా పెట్టించాడు. ఊరి బయట దిబ్బ మీద నుంచి జత ఎద్దులకు తాడు కట్టి లాగించాలి, అన్న లోపల కూర్చోవాలి, విమానం లేవాలి.

మొదటి రోజు లేవలేదు. ఎద్దులు కొంతదూరం లాగి, నిలబడి, వెనక్కి తిరిగి వాసన చూశాయి. మేం దిబ్బ దిగి వచ్చేలోగా కుడి రెక్క సగం నాకేసి, మిగతాది నమలడం మొదలుపెట్టాయి. లోపల కూర్చున్న అన్న కదల్లేదు. అయ్యవారు పుస్తకం తెరిచేదాకా ఆగి, "రాసుకోండి అయ్యవారూ. కుడి రెక్క రుసిగా ఉంది" అన్నాడు.

తరువాతి సారి గంజిలో వేపాకు కషాయం కలిపాం. ఎద్దులు ముట్టలేదు. బట్ట తొడిగిన మాకు మాత్రం చేతుల చేదు పోక మూడు రోజులు అన్నం సయించలేదు.

ఈసారి నేనెక్కుతానని ఒకసారి అడిగాను. అన్న ఒప్పుకోలేదు. "నువ్వు పడితే అమ్మా అంటావప్పా. అమ్మా అంటే అయ్యవారికి ఏం తెలుస్తాది? యాడ తప్పుండాదో సెప్పల్ల" అన్నాడు. ఆయన మాట నిజమే. నేను మెట్టు తప్పినా అమ్మా అనే మనిషినే.

ఆ వేపాకు రెక్కలతోనే విమానం లేచింది. తుమ్మచెట్టు ఎత్తుకు లేచి, రెండు చేలు దాటి, ఎడమకు ఒరిగి తిన్నగా చొప్పవామిలో దూరింది. మేం పరుగెత్తుకుంటూ పోయేసరికి అన్న తలనిండా చొప్పతో బయటికి వచ్చాడు. ఎడమ భుజం కిందికి జారి ఉంది. అయ్యవారు భుజం పట్టుకోబోతే ఆపాడు. "ఎడమ రెక్క బరువు. తోక పొట్టి. రాసుకున్నారా? ఇంగ బుజం సూడండి" అన్నాడు. ముందు నొప్పి సంగతి చూడవద్దా అని నేను కసిరితే, "నొప్పి యాడికీ పోదప్పా, తప్పే మర్సిపోతాది" అన్నాడు. ఇంట్లో వదిన తిట్టినా అంతే శ్రద్ధగా విని, చివర్లో "ఇంగేమన్నా ఉందా?" అని అడిగేవాడట. వదినకు ఒళ్లు మండేది ఆ ప్రశ్నకే.

అన్న భుజానికి కట్టు ఉండగానే అయ్యవారు ఒక నిర్ణయానికి వచ్చాడు. మా గోదాముకు విమాన ప్రయోగశాల అని పేరు, ఆ పేరు ముందు ఫిట్టరన్న పేరు. స్థలం ఇచ్చినవాళ్లదీ కాదు, చేసినవాళ్లదీ కాదు, ఎక్కి పడి తప్పు చెప్పినవాడి పేరే ఉండాలని ఆయన పట్టు. బండ మీద చెక్కించి తీసుకువచ్చాడు కూడా.

మా నాయన ఆ బండను చూసి గడప దాటనివ్వలేదు. ఆదోనిలో సత్రం గోడ చూసినా, చలివేంద్రం గోడ చూసినా కనిపించేది పోయినవాళ్ల పేర్లే. "బతికుండే మనిషి పేరు బండకెక్కిస్తే ఆయుస్సుకు సేటు అయ్యవారూ. ఆయన పోయినాక పెడదాం. నేనే దగ్గరుండి పెట్టిస్తా" అన్నాడు. ఆ చోట ఎప్పుడో పోయిన మా తాత పేరు పెట్టించాడు. మా తాత భయంతో జట్కా కూడా ఎక్కక, ఎంత దూరమైనా నడిచిపోయిన మనిషి. నేను పెళ్లయినవాణ్ణి, నోరున్నవాణ్ణి. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

అన్న నవ్వాడు. "పోనీలేప్పా. సావుకారు అడిగింది సిన్న పనే. నిదానంగా సేస్తాలే" అని, బండను బండి మీద వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు.

భుజం సరిగా అతకలేదు. చెయ్యెత్తి పానా తిప్పలేక అన్న మిల్లు మానేసి, ఎమ్మిగనూరులో మగ్గాలు బాగుచేస్తూ ఉండిపోయాడు. అయ్యవారికి బదిలీ అయింది. ప్రయోగశాలలో మళ్లీ పత్తి నిండింది. నేను ఎప్పుడు కనిపించినా అన్న తన పేరు గురించి అడగలేదు. "తోక పొడుగు సేసినారా?" అని అడిగేవాడు. చేస్తున్నామని చెప్పేవాణ్ణి. ఆ అబద్ధానికి నాకు ఇవాళ్టికీ సిగ్గుగా ఉంది.

మా నాయన కూడా లేడిప్పుడు. మా తాత బండ తీయించి, అన్నకు పదకొండో రోజు దాటాక బండి కట్టించుకుని ఎమ్మిగనూరు పోయాను. వదిన పెరట్లో బట్టలు ఉతుకుతోంది, ఆ బండ మీదనే. అక్షరాలు పైకే ఉన్నాయి. నేను చూస్తూ ఉండిపోతే, "అచ్చరాలుండే పక్క మురికి బాగా పోతాదని ఆయప్పే తిప్పి ఏసినాడు" అంది.

పేరు గోడకు పెట్టడానికి వచ్చానని చెప్పాను. వదిన చేతిలోని చీర పిండి, దులిపి, తీగ మీద వేసింది.

"సచ్చినాక పెడ్తారాప్పా? ఎక్కినబుడు బతికే ఉండె గదా" అంది.

తప్పు మాదే వదినా అన్నాను. ఆమె బట్టల మూటతో వచ్చిన పక్కింటామెను ఆపి, "ఈ పొద్దుకు యాడన్నా ఉతుక్కో పోమ్మా, ఆయప్ప ఆదోనికి పోతాండాడు" అంది. నున్నటి బండ ఇంకొకటి పంపిస్తానని మాట ఇచ్చాను. "దాని మీద ఎవురి పేరూ సెక్కించొద్దు. మల్లా అడగనీకె వస్తారు" అంది. తరువాత తనే రెండు బిందెల నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో అక్షరం అక్షరం తోమి ఇచ్చింది.

బండి ఎండలో కదిలింది. ఊరు దాటేసరికి బండంతా ఆరి తెల్లబడింది. చెక్కిన గాడుల్లో మాత్రం తడి ఇంకా మిగిలి, అన్న పేరు ఒక్కటే నల్లగా కనిపిస్తూ ఉంది.