బిందె మీది పేరు

నారాయణమూర్తి మాస్టారిని ఆ కాలేజీలో ఎవరూ లెక్చరర్ అనేవారు కాదు. బీయస్సీతో ఆగిపోయిన డిమాన్‌స్ట్రేటరు ఆయన. విజయనగరం నుంచి గజపతినగరం పోయే రోడ్డు పక్కన, ఒకప్పుడు ధాన్యం నిలవచేసిన పొడవాటి గిడ్డంగిలో పెట్టిన ప్రైవేటు కాలేజీ అది. వారంలో ఐదు రోజులు పిల్లల రికార్డులు దిద్దుకుంటూ, కటకాల మీద దుమ్ము తుడుచుకుంటూ ఒదిగి ఉండేవాడు. శనివారం మధ్యాహ్నం మాత్రం ఆయనే రాజు. ఆ పూట ఫిజిక్స్ సంఘం కూడేది.

సంఘానికి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. నోటుబుక్కులో ఎవరి పేరూ ఉండకూడదు. తేదీ, కొలత, అందులో ఎంత తప్పు ఉండొచ్చో అంచనా, అంతే. మొదటి ఏడు ఎవరి పేరు ముందు రాయాలని ఇద్దరు కుర్రాళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. అప్పుడన్నాడు ఆయన, "భూమికి మీ ఇంటిపేర్లతో పనిలేదర్రా. గీత సరిగ్గా గీశారా లేదా, అదొక్కటే చూస్తుంది." పిల్లలకి ఆ మాట తెగ నచ్చింది. ఇంత మంచి నియమం పెట్టుకున్నవాడు ఈ లోకంలో మోసపోకుండా ఎలా ఉంటాడు?

అరవై ఏడులో సంఘం ఒక పెద్ద పని తలకెత్తుకుంది. పొడవాటి తీగకి బరువైన గుండు కట్టి ఊపితే, అది ఊగే దారి గంటగంటకీ కొంచెం కొంచెం పక్కకి జరుగుతుంది. నిజానికి జరిగేది కింద నేల. భూమి తిరగడం కళ్ళతో చూడొచ్చు. మన వైపు గంటకి నాలుగున్నర డిగ్రీల పైచిలుకు జరగాలి. గిడ్డంగి దూలం ముప్ఫై అడుగుల ఎత్తున ఉండనే ఉంది. కొత్తవలసలో కొత్త రైలు లైను పనిలో మిగిలిన ఉక్కుతీగ దొరికింది. గుండే దొరకలేదు. ఇనపగుండు పోయిస్తే లోపల బుడగలు వచ్చి ఒక పక్కకి ఒరిగింది. ఇత్తడి కావాలి. అంత ఇత్తడి ఆయన ఎరిగిన ఒక్కచోటే ఉంది, వంటింట్లో.

సుభద్రమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందె అది. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా వాళ్ళమ్మ పేరు కొట్టించి ఉంది, లక్ష్మీనరసమ్మ అని. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఫొటో కూడా లేదు.

"పేరు కరిగిపోతుంది కదండీ," అంది సుభద్రమ్మ. "పోనీ గుండు మీద మళ్ళీ కొట్టించండి."

"పేరు చెక్కితే గుండు తూకం తప్పుతుంది సుభద్రా. అయినా సంఘంలో పేర్లుండవు. యూనివర్సిటీవాళ్ళు చూడ్డానికి వచ్చిన రోజున నేనే అందరి ముందూ చెప్తాను, ఇది మా అత్తగారి బిందె అని. నువ్వు వచ్చి ముందు బెంచీలో కూర్చుందువుగాని."

ఆవిడ బిందె బోర్లించి, తుడిచి ఇచ్చింది.

కంచరి జోగయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఈ అచ్చరాలు మా అయ్య కొట్టినవండి బాబూ. కరిగించీమంటే కరిగించెత్తాను గానీ, ఇయి మల్లీ రావు." కరిగించమన్నాడు మాస్టారు.

గుండు నున్నగా వచ్చింది, దారి మాత్రం తిన్నగా రాలేదు. చేత్తో వదిలితే చాలు, కోడిగుడ్డు ఆకారంలో చుట్లు తిరిగేది. ఏడు నెలలు తలబద్దలు కొట్టుకున్నాక తెలిసింది, వేలు తగలకుండా వదలాలని. గుండుని పక్కకి లాగి, నూలుదారంతో గోడమేకుకి కట్టి, అది రాయిలా నిలిచేదాకా కాచుకుని, దీపపు వత్తితో దారం కాల్చాలి. ఆ పని ఆయనదే. ఆ కాసేపూ హాల్లో ఎవరూ మాట్లాడకూడదు. ఆయనైతే ఊపిరి కూడా బిగబట్టేవాడు.

త్యాగరాజు లెక్చరరుగా వచ్చింది ఆ మరుసటి జూన్‌లో. అదే కాలేజీలో చదువుకునే రోజుల్లో వారాలు చేసుకుని చదివాడు, గురువారం భోజనం మాస్టారింట్లో. సుభద్రమ్మ చేతి చింతకాయ పచ్చడంటే పడిచచ్చేవాడు. ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని తన శిష్యుడే వచ్చి సంఘంలో చేరితే మాస్టారికి కాళ్ళు నేలమీద ఆనలేదు. సంఘం నోటుబుక్కులు ఐదూ అడిగితే మురిసిపోతూ ఇచ్చేశాడు. "ఫెయిర్ చేసి ఇస్తాను మాస్టారూ," అన్నాడు త్యాగరాజు.

అరవై తొమ్మిది ఫిబ్రవరిలో యూనివర్సిటీ ప్రొఫెసరు వచ్చాడు. సుభద్రమ్మ పట్టుచీర కట్టుకుని మొదటిసారి కాలేజీ గడప తొక్కింది. బెంచీల మీద అచ్చువేసిన కాగితాలు పెట్టి ఉన్నాయి. లోలకం, రూపకల్పన, నిర్మాణం, పరిశీలన: త్యాగరాజు, ఎం.ఎస్సీ. మాస్టారు అది మూడుసార్లు చదివాడు. లోపల కొలతలన్నీ సంఘానివి, దారం కాల్చే పద్ధతి తనది.

"నోటుబుక్కుల్లో ఎవరి పేరూ లేదు కదండీ," అన్నాడు త్యాగరాజు మెల్లగా. "ప్రిన్సిపాలుగారు ఎవరిదో ఒకరిది ఉండాలన్నారు. పేర్లతో పనిలేదని మీరే అనేవారు కదా." తర్వాత ఇంకా మెల్లగా అన్నాడు, "దారం మాత్రం మీరే కాల్చాలి మాస్టారూ. నాకు చెయ్యి వణుకుతుంది."

పద్దెనిమిది నెలల పని పాడవకూడదని మాస్టారు దీపం తీసుకున్నాడు. గుండు నిలిచింది. వత్తి దారం దగ్గరికి చేరింది. సరిగ్గా అప్పుడే ప్రొఫెసరు త్యాగరాజు వైపు వంగి అడిగాడు, ఇంత చక్కటి గుండు ఎక్కడిదని.

"పాత ఇత్తడి సామానండీ. నేనే వెతికి పట్టుకుని పోయించాను."

మాస్టారి ఊపిరి గుండెల్లోనే ఉంది. నోరు తెరిస్తే దీపం కదులుతుంది, దారం కదులుతుంది, గుండు దారి తప్పుతుంది. తెరవలేదు. దారం తెగింది. గుండు గీత గీసినట్టు తిన్నగా బయల్దేరింది. హాలంతా చప్పట్లు.

"దారం బాగా కాల్చావోయ్," అన్నాడు ప్రొఫెసరు, ఆయన్ని ల్యాబు నౌకరనుకుని.

"థాంక్సండీ," అన్నాడు మాస్టారు. ఆ మాట ఎందుకు వచ్చిందో ఆయనకి ఎన్నటికీ అర్థం కాలేదు. తల తిప్పి చూస్తే ముందు బెంచీలో సుభద్రమ్మ లేదు.

గేటు దగ్గర అప్పలసూరి అడ్డం వచ్చాడు. సంఘంలో గుండు ఊగే దారికి నేలమీద సుద్దగీతలు గీసేది వాడే. "ఏటి సార్ ఇది? అందరం సేసింది ఆయనొక్కడే సేసినట్టు రాసుకున్నాడేటి? మీరు ఊఁ అనండి, ఇప్పుడే ఎల్లి ప్రొఫెసరుగారికి సెప్పెస్తాను."

"ఏ కాగితం చూపిస్తావురా?" అన్నాడు మాస్టారు.

ఇంటికొచ్చేసరికి సుభద్రమ్మ చీర మార్చుకుని, నూతి దగ్గర రేకు బాల్చీతో నీళ్ళు తోడుతోంది. ఆయన అరుగు మీద కూలబడి, ఇన్నాళ్ళూ ఎవరిమీదా ఎత్తని గొంతు ఎత్తాడు.

"ప్రతి గురువారం ఈ ఇంట్లో తిన్నాడు సుభద్రా. నీ చేతి అన్నం తిన్నాడు. నా పేరు తుడిచేశాడు. పైగా పేర్లతో పనేముందని నా మాట నాకే అప్పజెప్పాడు."

ఆవిడ బాల్చీ కిందపెట్టింది. మొహంలో కోపం లేదు, అదే ఆయన్ని భయపెట్టింది.

"మా అమ్మ పేరు కరిగించిన రోజున మీరూ నాకు ఆ మాటే చెప్పారండి," అంది.

నోరు తెరవకపోవడానికి ఈసారి ఆయన చేతిలో దీపం కూడా లేదు.