బ్యాడ్జికి పెట్టిన బొట్టు

గోరేబాళలో మా పక్కింటి జయరామయ్య గారు రోజూ పొద్దున్నే ఒక గుడ్డ బ్యాడ్జిని నిమ్మచెక్కతో రుద్ది ఎండలో పెడతారు. నౌకాదళంలో నీళ్ళ అడుగున పనిచేసే డైవరుగా అర్హత సాధించినప్పుడు ఇచ్చింది అది. దాని మీద పాతకాలపు డైవరు శిరస్త్రాణం బంగారు దారంతో కుట్టి ఉంటుంది. మొన్న ఆయుధపూజ నాడు ఆయన భార్య శివపార్వతి గారు ట్రాక్టరుకు పెట్టినట్టే దానికీ తడిపసుపు రాసి కుంకుమ పెట్టారు. మరక దారాల్లోకి ఇంకిపోయింది. మాజీ సైనికుల సభకు దాన్ని కోటు చేతికి కుట్టుకుని వెళ్ళాలని ఆయన ఆశపడ్డారు.

"పనిముట్టనుకున్నావా ఇది?" అని ఆయన మళ్ళీ మొదలుపెట్టారు.

"మీ ప్రాణం కాపాడిన టోపీ కదండీ, బొట్టు పెట్టకపోతే ఎలా?"

"టోపీ కాదే! అది తగిలించుకుంటే ఊపిరి పైనుంచి గొట్టంలో వస్తుంది. పైన పడవలో ఉన్నవాళ్ళని నమ్మి దిగినవాడని దానర్థం. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పోనీ, కోటు చెయ్యి మడుచుకోండి. మరక కనపడదు."

"మడిస్తే బ్యాడ్జీ కనపడదు కదే!" అని నిమ్మచెక్క విసిరికొట్టారు.

మరక పోలేదు, సభకు ఆయన వెళ్ళలేదు. నౌకాదళం నుంచి వచ్చేసినప్పటి నుంచి ఆయన వరి పండిస్తున్నారు. మోటారు గొట్టానికి పట్టిన నాచు తీయడానికి కాలవలోకి దిగితే, నడుముకు కట్టుకున్న తాడు కొస ఇప్పటికీ శివపార్వతి గారి చేతికే ఇస్తారు.