ఆ చెరువు చుట్టూ ఎన్ని అడుగులు?

మా అక్క సుజాతకు నవంబరులో రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. చదునైన నేల మీద నాలుగు వేల అడుగుల దాకా నడవొచ్చు, అంతకు మించొద్దు అన్నారు డాక్టరుగారు. కానీ అక్క గేటు దాటడం లేదు. దానికి కారణం మోకాళ్ళు కాదు, నేను. అంతకు ముందు ఏడాది "ఇంతే అక్కా, దగ్గరే" అంటూ ఒక గుట్ట ఎక్కించి, సగం మెట్ల మీద కూలబడేలా చేశాను. అందుకే జహీరాబాద్ దగ్గర చెరువు చుట్టూ హాయిగా నడిచి రావొచ్చట అని నేను మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది. "నీ 'దగ్గరే' ముచ్చట్లు నాకొద్దు. ముందు నువ్వు పోయి, నడిచి, అడుగులు లెక్కపెట్టుకొని రా. నాలుగు వేలకు ఒక్కటి ఎక్కువున్నా నేను రాను. ఇగ నన్ను ఎక్కడికీ పిలవకు" అంది. తన ప్రయాణాల సంచి ఎవరికైనా ఇచ్చేస్తానని కూడా అంది. పాతికేళ్ళుగా నేను చేసిన ప్రయాణాలన్నీ అక్కతోనే మరి.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆరింటికి లింగంపల్లిలో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్; మగవాళ్ళు రెండు వందలు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. ఎనిమిదిన్నరకు జహీరాబాద్‌లో దిగి, బస్టాండు ఎదురుగా వేడివేడి పూరీ తిని, ఝరాసంగం వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. చెరువుకట్ట దాకా ముప్పై రూపాయలు.

నా గందరగోళం ఆటోలోనే మొదలైంది. చెరువు చుట్టూ తిరగడానికి ఎంతసేపు పడుతుందని డ్రైవర్ ఖాజా భాయ్‌ని అడిగాను.

"అరగంట మేడం. ఏం ఫికర్ చెయ్యకున్రి."

నా పక్కన ఎరువుల సంచి పట్టుకుని కూర్చున్న పెద్దాయనకు కోపం వచ్చింది. "అరగంటనా? రెండు గంటలకు తక్కువ గాదు. నేను తిరిగిన గదా!"

"మీరు జర మెల్లగ నడుస్తరు చాచా."

ఇద్దరూ కట్ట వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. కట్ట కింద టీ హోటల్లో అడిగితే, టీ వడపోస్తున్నావిడ తలెత్తకుండా "చుట్టు తిరుగనీకె రాదమ్మా, దారే లేదు" అని తేల్చేసింది. ఫోన్లో మ్యాపేమో ఆరు కిలోమీటర్లంది. ఓరి దేవుడా, ఒక్క చెరువుకు నాలుగు జవాబులా! అక్కకు ఏం చెప్పను?

తొమ్మిదిన్నరకు చేతి బ్యాండులో అడుగుల లెక్క సున్నా చేసి బయల్దేరాను. కట్ట వెడల్పుగా, గట్టి ఎర్రమట్టితో, అక్క మోకాళ్ళ కోసమే పోసినట్టుంది. కట్ట చివర కాలిబాట కిందికి దిగి, తిన్నగా శనగచేల గట్ల మీదుగా పోతోంది. నాలుగడుగులు వేశాక ఫోన్ చూశాను. నేను నీళ్ళ మధ్యలో ఉన్నానట! చుట్టూ చూస్తే కాయ పట్టిన శనగ, నా చెప్పుల మీద దుమ్ము. ఇంకాస్త ముందుకెళ్తే చేనులో చేపలు పట్టేవాళ్ళ తెప్ప ఒకటి బోర్లా పడి ఉంది. మొక్కల మొదళ్ళలో తెల్లటి నత్తగుల్లలు. అసలు నీళ్ళేమో ఎక్కడో దూరంగా మెరుస్తున్నాయి. వేరే చెరువుకు వచ్చానా? ఖాజా భాయ్ తప్పు చోట దింపాడా? నాకు భయమూ వేసింది, ఒళ్ళూ మండింది.

దోస తీగల మధ్య కలుపు తీస్తున్న ఒకావిడ నన్ను చూసి నడుం ఎత్తింది. పేరు ఈశ్వరమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏం ఎతుకుతున్నవక్కా?"

"చెరువును."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "చెరువులనే నిలవడ్డవు గదక్కా! వానకాలమైతే ఈడ నీ మెడ కాడికి నీళ్ళుంటయి. నీళ్ళు ఎనుకకు పోయినకొద్దీ మేము ఇత్తనం వెట్టుకుంట ముంగటికి పోతం. ముందుగాల శనగ, దాని ముంగట దోస."

"మరి చుట్టూ ఎంత దూరం?"

"ఏ నెలల?"

నాకు దొరికిన నాలుగు జవాబులూ ఆవిడకు చెప్పాను. ఖాజా భాయ్ ఎండాకాలంలో పుచ్చకాయల కోసం వస్తాడట, అది అరగంట. పెద్దాయన తిరిగింది దసరా తర్వాత, అది రెండు గంటలు. టీ హోటలావిడ చెప్పింది ముసురు రోజుల సంగతి. మ్యాపు చూపింది నిండు చెరువును. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఈశ్వరమ్మకు టీ వేళయిందట, నాతోనే వచ్చింది. ఇద్దరం నీళ్ళ పక్కగా చుట్టేసి టీ హోటల్ చేరేసరికి బ్యాండులో ఐదు వేల రెండు వందల పది. నాలుగు వేలని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనిపించింది, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. కానీ ఫోన్ చేసి ఉన్న లెక్కే చెప్పాను.

"అయితే వద్దులే" అంది అక్క. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

అంతా వింటున్న ఈశ్వరమ్మ నా చేతిలో ఫోన్ అందుకుంది. "అక్కా, ఉగాది దాటినంక రాన్రి. నీళ్ళు తూము కాడికి పోతయి, చెరువు సగమైతది."

"నాలుగు వేలు దాటదా?"

"నేను ఎన్నడు లెక్కవెట్టలే. తిరిగి, లెక్కవెట్టి, నీకే చెప్త. నీ నంబర్ చెప్పు."

మీరూ వెళ్ళాలనుకుంటే నేను చెప్పే ఉపాయం ఒక్కటే: ఎవరినైనా దూరం అడిగితే, వాళ్ళు ఆ దారిన నడిచింది ఏ నెలలోనో కూడా అడగండి. నేను ఇన్నేళ్ళు ఏ దారైనా ఎప్పుడూ, ఎవరికైనా ఒకే పొడవుంటుందనుకుని, నడవలేనివాళ్ళను తొందరపెట్టాను. ఇప్పుడు మార్చి మధ్య. నిన్న ఈశ్వరమ్మ ఫోన్ చేసిందట, నాకు కాదు, అక్కకు. "నాలుగు వేల ఐదు వందలకు వచ్చిందక్కా, ఇంకొన్ని దినాలు ఆగు" అందట. ఆ మాట ఫోన్లో నాకు చెబుతూ అక్క రొప్పుతోంది. ఏమైందని కంగారుపడ్డాను. "ఏం కాలే, మా వీధి చివర నిలబడి మాట్లాడుతున్నా. ఇవాళ్టికి మూడు వేల ఎనిమిది వందల అడుగులు. అక్కడ చెరువు తగ్గుతుంటే నేనిక్కడ ఊకె కూసుంటనా?" అంది.