బీరమ్మ పీకిన సూది

సోమన్న మూడు విస్తళ్ల భోజనం లేపాడని పెళ్లిలో అందరూ మురిసిపోయారు. బీరమ్మ ఒక్కతే పళ్లు నూరింది. పొద్దంతా పందిరి గుంజలు, వంట గుండిగలు మోసి మోసి, ఆ మీద అన్నం, బూరెలు కుక్కుకున్నాడు తమ్ముడు. "చెప్తే ఇనడు, పడితే ఏడుస్తడు" అని తిట్టుకుంటూ ఇంటికి పోయింది.

వాళ్లది దేవరకొండ దగ్గరి ఊరు. కురుమలు. ముప్పై గొర్లు, రెండెకరాల చెలక. బీరమ్మ చదివింది ఐదో తరగతే గానీ, ఆమె నోటికి జంకని మొగాడు ఆ ఊళ్లో లేడు. తన మాట తప్పని ఎవరైనా చూపిస్తే ఒప్పుకునేదే. ఇంతవరకు ఎవరూ చూపించలేదు, అదీ సంగతి.

ఆ ఇంటి మగవాళ్లకు ఒక జబ్బుంది. ఒళ్లు విరిగేలా పనిచేసి, కడుపు పగిలేలా తిని పడుకుంటే, తెల్లారేసరికి కాళ్లూ చేతులూ లేవవు. తెలివి ఉంటుంది, మాట ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలదు. బీరమ్మకు పన్నెండేళ్లప్పుడు వాళ్ల బాపు అట్లాగే పోయాడు. గాలి సోకిందన్నారు. ఐదేళ్ల కింద సోమన్న పడిపోతే మాత్రం ఆమె ఊరుకోలేదు. గాలీ లేదు గీలీ లేదని హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ ఉజ్మా అనే డాక్టరమ్మ జబ్బు గుట్టు విప్పింది. ఒంట్లో ప్రతి కణానికీ పొటాషియం వచ్చిపోయే సన్నటి దారులుంటాయట. పొటాషియం ఛానళ్లంటారట. ఆ రాకపోకలు సరిగ్గా సాగితేనే కండ బిగుస్తుంది, వదులవుతుంది, గుండె వరుస తప్పకుండా కొట్టుకుంటుంది.

"ఇంగిలీషు పక్కకు పెట్టి జర తెలుగుల జెప్పు బిడ్డా" అని బీరమ్మ మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి తనే అందుకుంది. "అంటే గొర్ల దొడ్డి లెక్కనా? లోపటికైతే పోతయి. బయటికొచ్చే కాడ తడిక సరిగ తెరుసుకోదు. మా ఇంటి మొగోళ్లకు గా తడిక కరాబు. గంతేనా?"

ఉజ్మా నవ్వింది. "గంతే. తీపి, అన్నం ఎక్కువైతే పొటాషియం అంతా ఒక్కసారే కండలకు ఉరుకుతది. నెత్తుర్ల మిగలదు. కండ కదలదు. గ్లూకోజు ఎక్కిస్తే ఇంకా ఉరుకుతది. ఊపిరి ఆగొచ్చు, గుండె ఆగొచ్చు. ఎవరు చెప్పినా ఎక్కియ్యనియ్యకండి."

గ్లూకోజు మాట చెవిన పడగానే బీరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఎందుకన్నది డాక్టరమ్మకు చెప్పలేదు. చీటీ మడిచి కొంగున కట్టుకుంది. పొటాషియం మందు సీసా తెచ్చి గూట్లో దాచింది.

పెళ్లి మర్నాడు పొద్దున్నే తమ్ముడి ఇంట్లోంచి ఏడుపు వినబడింది. చీటీ, మందు పట్టుకుని ఉరికింది. మంచం చుట్టూ జనం. గ్లూకోజు వద్దని ఐదేళ్లుగా ఆమె మొత్తుకుంటున్నా, అప్పటికే గోడ మేకుకు సీసా వేలాడుతోంది. మా దిక్కు గ్లూకోజు అంటే సర్వరోగ నివారిణి మరి. జ్వరమొచ్చినా అదే, నీరసమొచ్చినా అదే, అత్తతో కొట్లాడి అలిగి పడుకున్నా అదే!

"అక్కా... ఇందాక చెయ్యన్న లేసింది. ఇప్పుడు తల గూడ లేస్తలేదే" అన్నాడు సోమన్న. గొంతు పీలగా ఉంది.

"బంద్ చెయ్ సారూ!" అని అరిచింది బీరమ్మ.

ఆరెంపీ డాక్టరు పర్వతాలు చిరాకుపడ్డాడు. "మనిషి వడిపోతే బలం ఎక్కియ్యొద్దా? డాక్టర్లు నీకు సదువు జెప్పిన్రా?"

"చెప్పిన్రు. మూడుసార్లు."

పైపు మీది చక్రం తిప్పి ఆపింది. సూది పీకి, దూది పెట్టి అదిమింది. సోమన్న భార్య నాగరాణి గుండెలు బాదుకుంది. "నా మొగన్ని సంపుతవా వదినా?" చిన్నాయన చెయ్యెత్తి మీదికి వచ్చాడు.

"వీడు సస్తే నన్ను గీ వాకిట్లనే బొందవెట్టున్రి. గప్పటిదాక ఒక్కలు దగ్గరికి రావొద్దు!" అంది బీరమ్మ. ఎవరూ రాలేదు. చీటీలో రాసిన కొలత ప్రకారం మందు నీళ్లలో కలిపి, తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, గుటక గుటకగా తాగించింది. ఎవరో ఫోను చేస్తే నూట ఎనిమిది బండి వచ్చింది.

దేవరకొండ దవాఖానలో డాక్టరు చీటీ చదివాడు, గుండెకూ నెత్తురుకూ పరీక్షలు చేశాడు. నెత్తురులో పొటాషియం అడుగంటిందన్నాడు. ఆ సీసా పూర్తిగా ఎక్కి ఉంటే మనిషి దక్కేవాడు కాదని నాగరాణితోనే చెప్పాడు. ఆమె పోయి వదినెకు చాయ్ తెచ్చింది.

మధ్యాహ్నానికి సోమన్న వేళ్లు కదిలాయి. పొద్దు వాలే వేళకు లేచి కూర్చున్నాడు.

"గంతమంది తిడుతుంటే సూది ఎట్ల పీకినవే అక్కా? నీ మాట తప్పయితే?"

ఎప్పుడూ నాలుక మీదే జవాబుండే బీరమ్మ ఈసారి తన కుడిచేతిని చూసుకుంది.

"బాపుకు గులుకోజు పెట్టిన నాడు సీసా తగిలియ్య మేకు లేకుండె తమ్మీ. నేనే ఎత్తి పట్టుకున్న. చెయ్యి గుంజినా దించలే. అది అయిపోయినంక ఇంకోటి వెట్టు సారూ అని కాళ్లు మొక్కింది గూడ నేనే."

సోమన్న మంచం మీంచి కాళ్లు కింద పెట్టాడు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, అక్క దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగ, తమ్మీ" అంది బీరమ్మ. ముప్పై ఏళ్లుగా బాపు కోసం రాని ఏడుపు అప్పుడు వచ్చింది.