మార్సెయ్‌లో చింతపండు

మా ఆయన నాకు మేనబావ. సరుకు ఓడలో ఇంజనురూము పని. నడిసముద్రంలో గుండె పట్టేసిందని ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దించి ఆసుపత్రిలో చేర్చారు. విశాఖపట్నం నుంచి విజయనగరం పెళ్ళిళ్ళకి తప్ప ఎటూ కదలని నన్ను ఓడవాళ్ళే విమానం ఎక్కించారు. నేను వెళ్ళేసరికి మనిషి సగమయ్యాడు. ఆపరేషన్ చెయ్యాలి, ఒంట్లో దానికి తగ్గ బలం లేదు, ముందు తిండి తినాలి అని డాక్టరమ్మ ఫోన్‌లో తెలుగులోకి మార్చి చూపించింది. బావేమో సూపు వాసనకే మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు. నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

ఆరో రోజున నోరు విప్పాడు. "సేపల పులుసైతే తింతానే. కానాగంతలు. అమ్మ ఎట్టినట్టు."

"మన జాలరిపేట పక్క వీధిలో ఉందనుకున్నావా బావా?" అని కసిరాను. కసిరి, బయట మెట్లమీద కూర్చుని ఏడ్చాను. డాక్టరమ్మని అడిగితే, ఏది తింటానంటే అది పెట్టమంది.

నాకిచ్చిన గది పాత రేవు వెనక నోయాయ్ అనే పేటలో ఉంది. ఆరు రోజులూ ఆ వీధుల్లో తల వంచుకునే నడిచాను. ఏడో రోజు పొద్దున్న మొదటిసారి తలెత్తి చూశాను. వందల ఏళ్ళనాటి ఇళ్ళు, పెచ్చులూడిన గోడలు, కిటికీలకి చెక్క తలుపులు. కింద మాత్రం లోకమంతా అంగడి పెట్టుకుని కూర్చుంది. అల్జీరియా వాళ్ళు పుదీనా కట్టలు పరిచి అమ్ముతున్నారు. ఆఫ్రికా ఆడవాళ్ళు నెత్తికి రంగురంగుల గుడ్డలు చుట్టుకుని కర్రపెండలం బేరమాడుతున్నారు. చర్చి గంట, నమాజుకి పోయేవాళ్ళ తొందర, ఎవరిదో రేడియో. అరుపులు మాత్రం అచ్చం మన పూర్ణా మార్కెట్‌వే. బావ బాగుంటే ఇక్కడ ఎంత తిరిగేవాళ్ళం అనిపించింది.

రేవు గట్టున పడవల పక్కనే ఆడవాళ్ళు బల్లలమీద చేపలు పోసి అమ్ముతున్నారు. కానాగంతలు కనబడ్డాయి! మొప్ప ఎత్తి చూడబోతే ఒకావిడ నా చేతిమీద ఒక్కటిచ్చింది. విశాఖలో చేపలమ్మే మా అత్తా అంతే, తన చేపని అనుమానిస్తే ఊరుకోదు. ఆ దెబ్బకి నాకు ప్రాణం లేచొచ్చింది.

చింతపండు దగ్గరే చచ్చాను. మసాలాలమ్మే అల్జీరియా పెద్దాయనకి ఫోన్‌లో బొమ్మ చూపిస్తే ఖర్జూరాలు ఇచ్చాడు. పులుపని మొహం వంకర్లు తిప్పి చూపిస్తే నిమ్మకాయలు ఇచ్చాడు. తల అడ్డంగా ఊపుతూ అక్కడే నిలబడిపోయాను, కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన కొట్టు వదిలేసి వచ్చి, రెండు సందులు తిప్పి, ఒక వియత్నాం ఆవిడ దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడుంది, ప్లాస్టిక్ కాగితంలో నల్లటి ముద్ద, గింజలతో సహా. దాన్ని గుండెకి హత్తుకున్నాను. వాళ్ళిద్దరూ ఏమనుకున్నారో ఏమో.

నా గది ఇంటావిడ కొమొరోస్ దీవుల ముసలమ్మ. ఆవిడ వంటింట్లోనే వండాను. కరివేపాకు లేదు, మెంతులతో సరిపెట్టాను. నాలుగయ్యేసరికి పులుసు దిగింది. ఆసుపత్రిలో ఎనిమిది దాకా లోపలికి పోనిస్తారు. వీడియోలో అత్తకి చూపించాను.

"నూనె తేలింది, ఇంక మూతెట్టీ. ఇయ్యాల ముట్టుకోకే. పులుసు ముక్కకి పట్టాల. రేపొద్దున్న పట్టుకెల్లు," అంది.

మా ఇళ్ళల్లో ఇది చెప్పాల్సిన పని లేదు. చేపల పులుసు వండిన రోజు ఎవరూ తినరు. అల్లుడొచ్చినా నిన్నటిదే పెడతారు. బావకి ఫోన్ చేసి రేపు తెస్తానన్నాను.

"ఇయ్యాలే తెచ్చీవే."

"ఊరకుండా పెడితే మీ అమ్మ నన్ను బతకనిత్తాదా?"

"ఊరకపోతే పోనీ. నాకు ఆకలేత్తంది."

ఎన్నాళ్ళకో ఆకలన్న మాట విన్నాను. ఎంత సంతోషపడ్డానంటే, "అయితే ఆకలి అలాగే ఉంచుకో, రేపు కడుపునిండా తిందువుగాని," అని నవ్వాను. "సర్లే," అన్నాడు.

ముసలమ్మ గిన్నెనీ, గోడమీద గడియారాన్నీ, తలుపునీ మార్చిమార్చి చూపించి వెళ్ళమంది. మా పులుసు సంగతి ఈవిడకేం తెలుసు అనుకున్నాను. మూతమీద బరువు పెట్టి, మర్నాడు బావ ఎలా తింటాడో తలుచుకుంటూ పడుకున్నాను.

పొద్దున్నే డబ్బా తువ్వాలులో చుట్టుకుని బయల్దేరాను. కొట్టు తెరుస్తున్న మసాలాల పెద్దాయన చూసి, వేళ్ళు నోటికి చేర్చి సైగ చేశాడు. డబ్బా పైకెత్తి చూపించాను. ఆ పేటలో నేను నవ్వుతూ నడిచింది ఆ ఒక్క పొద్దే.

మంచం మీద దుప్పటి మార్చేసి ఉంది. నర్సు నన్ను కూర్చోబెట్టి, తెలుగులోకి మార్చిన ఫోన్ చేతిలో పెట్టింది. తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట. కింద ఇంకో ముక్క ఉంది: అతను రాత్రి భోజనం నిరాకరించాడు, భార్య తెచ్చే ఆహారం కొరకు అని సైగ చేశాడు.

నా మొగుణ్ణి ఆ రాత్రి పస్తు ఉంచింది నేనే.

అత్తకి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే, "తిన్నాడేటే ఆడు?" అంది.

"తిన్నాడత్తా," అన్నాను. ఆ తర్వాతే మిగతాది చెప్పాను.

అత్త ఇప్పుడూ జాలరిపేట ఒడ్డున చేపలమ్ముతుంది, నేను పక్కన కూర్చుని శుభ్రం చేస్తాను. కొడుకు మాట ఎవరెత్తినా ఆవిడది ఒకటే మాట. "దేసం కాని దేసంలో నా కోడలు కానాగంతల పులుసెట్టింది. కడుపారా తినే ఎల్లిపోనాడు నా కొడుకు." అని నా వైపు చూస్తుంది. వాళ్ళూ చూస్తారు.

అవునని తలూపుతాను.